డల్లాస్ దగ్గర పైలట్ల క్లబ్: పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ తర్వాత అక్కడ ఏం జరుగుతుంది?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: డల్లాస్‌కి ఉత్తరాన ఉంటున్నారు, హెచ్‌1బీ మీద ఉద్యోగం, ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి ట్రైనింగ్ మొదలుపెట్టాలని ఉంది. దగ్గర్లోని చిన్న ఎయిర్‌పోర్ట్‌లో ఈఏఏ అనే విమానప్రియుల సంఘం చాప్టర్ (స్థానిక శాఖ) వాళ్ళ పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్‌కి ఒకసారి వెళ్ళారు. అందరూ పెద్దవయసు వాళ్ళే, కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎగరడం ఎలాగూ ఫ్లైట్ స్కూల్ నేర్పుతుంది కదా, ఈ క్లబ్ వల్ల ఒరిగేదేమిటి, సేఫ్టీ సెమినార్లు నిజంగా పనికొస్తాయా అని అడిగారు. మీ ఆవిడకి భయంగా ఉందని కూడా రాశారు.

నేను ఇదే ప్రాంతంలో పద్నాలుగేళ్ళుగా ఎగురుతున్నాను. పన్నెండేళ్ళుగా ఒక చాప్టర్‌లో సభ్యుణ్ణి, నాలుగేళ్ళుగా అక్కడ నెలనెలా జరిగే సేఫ్టీ మీటింగ్ ఏర్పాట్లు నావే. లైసెన్స్ చేతికొచ్చాక చూద్దాంలే అనుకోకండి. ట్రైనింగ్ మొదలుపెట్టిన వారంలోనే క్లబ్‌లో కూడా చేరండి. ఎందుకు చెప్తున్నానో వివరంగా రాస్తాను.

ముందు ఒక అయోమయం తీర్చాలి. చాప్టర్ వేరు, ఫ్లయింగ్ క్లబ్ వేరు. నేను ఉత్తినే క్లబ్ అన్నచోట చాప్టర్ అనే అర్థం. ఈఏఏ అంటే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. 1953లో మిల్వాకీలో పాల్ పొబెరెజ్నీ అనే ఆయన, సొంతంగా విమానాలు కట్టుకునే కొద్దిమందితో మొదలుపెట్టారు. ఏటా జులై చివర్లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో జరిగే ఎయిర్‌వెంచర్ అనే పెద్ద విమానాల పండగ వీళ్ళదే. ఊరూరా ఉన్న శాఖలే చాప్టర్లు. విమానం కట్టేవాళ్ళు, ఎగిరేవాళ్ళు, ఒకప్పుడు ఎగిరి ఇప్పుడు మానేసినవాళ్ళు, అసలు ఎగరకుండా ఇష్టం కొద్దీ వచ్చేవాళ్ళు, అందరూ ఉంటారు. ఏడాది చందా కట్టడానికి ఎవరూ ఆలోచించక్కర్లేదు, అంత తక్కువ. ఫ్లయింగ్ క్లబ్ అంటే కొంతమంది కలిసి ఒకటో రెండో విమానాలు పెట్టుకుని, నెలకింత అనీ, గంటకింత అనీ కట్టుకుని వంతులవారీగా ఎగరడం. లైసెన్స్ వచ్చాక అద్దె విమానం కన్నా అది చవక పడుతుంది. మంచి ఫ్లయింగ్ క్లబ్‌లో ఖాళీ ఎప్పుడొస్తుందో మొదట తెలిసేది చాప్టర్‌లో కాఫీ తాగేవాళ్ళకే. నేను చేరిన ఫ్లయింగ్ క్లబ్ సంగతి నాకు తెలిసింది అలాగే.

ఇక అసలు విషయం. ఫ్లైట్ స్కూల్ మీకు విమానం నడపడం నేర్పుతుంది, చెక్‌రైడ్ (లైసెన్స్ కోసం ఎగిరి చూపించే చివరి పరీక్ష) పాస్ చేయిస్తుంది. చట్టం ప్రకారం మామూలుగా కనీసం 40 గంటలు ఎగరాలి, నిజానికి అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. ఆ గంటలన్నిటా పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు, లేదా ఎప్పుడు వెళ్ళాలో ఎప్పుడు వద్దో ఆయనే తేల్చి మిమ్మల్ని సోలో పంపిస్తారు. లైసెన్స్ వచ్చిన మర్నాటి నుంచి ఆ నిర్ణయం మీది. మబ్బులు కిందకి దిగుతున్నాయి, ఇంట్లోవాళ్ళు తయారై కూర్చున్నారు, విమానం మీ పేర మూడు గంటల సేపటికే బుక్ అయింది. వెళ్ళాలా వద్దా? దీనికి పుస్తకంలో జవాబు దొరకదు. ఇలాంటి చోట తప్పటడుగు వేసి, బతికి బయటపడి, ఆ సంగతి నోరు తెరిచి చెప్పుకునే మనుషుల దగ్గరే దొరుకుతుంది. ఆ మనుషులు పోగయ్యే చోటు క్లబ్.

మనవాళ్ళకి ఇది మొదట్లో వింతగా ఉంటుంది. మనం చదువుకున్న పద్ధతిలో తప్పంటే మార్కులు పోవడం, నలుగురిలో చిన్నబోవడం. అందుకని దాచుకోవడం అలవాటైపోతుంది. నేను మొదటిసారి సేఫ్టీ మీటింగ్‌కి వెళ్ళినప్పుడు, ఎయిర్‌లైన్స్‌లో కెప్టెన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి నిలబడి, "పోయిన వారం నేను వేరే ఎయిర్‌పోర్ట్ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతూ, దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్ మొత్తం తిరిగాను. కింద ఎవరికీ నేనున్నట్టే తెలియదు. ఎందుకలా జరిగిందో చెప్తాను" అని మొదలుపెట్టారు. జీవితమంతా ఎగిరిన మనిషి! గదిలో ఎవరూ నవ్వలేదు. ఒకాయన నోట్‌బుక్ తీశారు. తర్వాత ఇరవై నిమిషాలు, రేడియోలో సిద్ధంగా పెట్టుకున్న (స్టాండ్‌బై) ఫ్రీక్వెన్సీని మాట్లాడేదానిలోకి (యాక్టివ్) మార్చామని అనుకుని మార్చకపోవడం ఎలా జరుగుతుందన్న దాని మీదే మాట్లాడుకున్నారు. ఆ రోజు నాకు ఈ చోటు విలువ అర్థమైంది.

మీరు వెళ్ళిన బ్రేక్‌ఫాస్ట్‌లో చూసిన కబుర్లు ఇవే అయ్యుంటాయి. ఈసారి పక్కన కూర్చుని వినండి.

మా మీటింగ్‌లు ఎలా ఉంటాయో రెండు మూడు చెప్తాను. అమెరికాలో అందరికీ తెరిచి ఉన్న ఎయిర్‌పోర్టులు సుమారు 5 వేలు. వాటిలో కంట్రోల్ టవర్ ఉన్నవి పదో వంతు మాత్రమే. మిగతా చోట్ల పైలట్లే ఒక ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో తామెక్కడున్నారో, ఏం చేయబోతున్నారో చెప్పుకుంటూ దిగుతారు. రేడియో లేని పాత విమానాలు కూడా వస్తాయి, అలాంటి చోట అది చట్టబద్ధమే. కొత్తవాళ్ళకి అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. మేం ఏటా మార్చిలో హ్యాంగర్ (విమానాలు పెట్టే షెడ్డు) ఖాళీ చేసి, నేల మీద సుద్దతో రన్‌వే గీస్తాం. దాని చుట్టూ సర్క్యూట్ గీస్తాం: రన్‌వేకి సమాంతరంగా డౌన్‌విండ్, అక్కణ్ణించి రన్‌వే వైపు మళ్ళే బేస్, నేరుగా రన్‌వే మీదకి దిగే ఫైనల్. ఒక్కొక్కరికి ఒక విమానం నంబర్ ఇస్తాం. కాళ్ళతో నడుస్తూ, గట్టిగా రేడియో కాల్స్ చెప్తూ సర్క్యూట్‌లో చేరాలి, 45 డిగ్రీల కోణంలో డౌన్‌విండ్‌లోకి రావాలి. మధ్యలో ఒకరిని నోరు మెదపకుండా నడవమని రహస్యంగా చెప్పి పెడతాం. ఆ మనిషి నేరుగా ఫైనల్‌లోకి వచ్చేస్తాడు. పది నిమిషాల్లో ఇద్దరు ఒకరికొకరు ఎదురుపడి ఆగిపోతారు. అప్పుడు అడుగుతాం, "రేడియోలో వినిపించనివాడు లేడని ఎందుకనుకున్నారు?" చెవిని నమ్ముకుని కళ్ళు పని మానేయడం ఎంత తేలికో కాళ్ళతో నడిచినవాళ్ళకి మళ్ళీ చెప్పక్కర్లేదు. రేడియోలో మన యాస గురించి బెరుకున్న మనవాళ్ళకి కూడా ఈ సుద్ద గీతల మీద నడక చాలా మేలు చేస్తుంది. నలుగురి ముందు ఇరవైసార్లు గట్టిగా పలికిన మాట పైకెళ్ళాక తడబడదు.

ఇంకొకటి కుర్చీ ఆట. ఆఫీసు కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి, కళ్ళకి గంతలు కట్టి, బొటనవేళ్ళు ఎటు తిరుగుతున్నామనిపిస్తే అటు చూపించమంటాం. నెమ్మదిగా ఒకే వేగంతో తిప్పుతూ ఉంటాం. మొదట వేళ్ళు సరిగ్గానే చూపిస్తాయి. అర నిమిషంలోపే నిటారుగా పైకి లేస్తాయి, అంటే ఆగిపోయామని ఆ మనిషి అనుకుంటున్నాడు, కుర్చీ మాత్రం తిరుగుతూనే ఉంది. తర్వాత కుర్చీ ఆపితే వేళ్ళు వెంటనే అవతలి వైపు చూపిస్తాయి. చుట్టూ ఉన్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. మన లోపలి చెవి చేసే మోసం ఇది. కళ్ళకి నేలా ఆకాశం కలిసే గీత కనిపించినంతసేపూ ఈ మోసం బయటపడదు. మబ్బులోకి వెళ్ళిన క్షణం నుంచి చెవి చెప్పిందే నిజమనిపిస్తుంది. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనింగ్ (బయట చూడకుండా మీటర్లు చూసి నడపడంలో శిక్షణ) లేని 20 మందితో ప్రయోగం చేశారు. బయట ఏమీ కనిపించని పరిస్థితిలో విమానం వాళ్ళ అదుపులో నిలిచింది సగటున 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు. ఇరవై మందిలో ఒక్కరు కూడా నిలదొక్కుకోలేదు. ఈ సంఖ్య మీకు స్కూల్లో కూడా చెప్తారు. కుర్చీలో కూర్చుని మీ వేళ్ళే మీకు అబద్ధం చెప్పడం చూసినప్పుడు మాత్రం అది ఒంటికి పడుతుంది.

ఇంధనం మీద పాఠం చిన్నదే, మరిచిపోలేనిది. మన చిన్న విమానాల్లో వాడే పెట్రోలు, హండ్రెడ్ లో లెడ్, లేత నీలంగా ఉంటుంది. ఎగిరే ముందు రెక్క కింద నుంచి చిన్న గాజుకప్పులోకి కొద్దిగా తీసి చూడాలి, నీళ్ళుంటే బరువు వల్ల అడుగున చేరతాయి. మా మెకానిక్ ఒకావిడ గాజు సీసాలో నీలం పెట్రోలు పోసి చెంచాడు నీళ్ళు కలుపుతారు. నీళ్ళు అడుగున ముత్యంలా ఉండలు కట్టి కూర్చుంటాయి. అందరూ తేలిగ్గా గుర్తుపడతారు. తర్వాత ఇంకో కప్పు ఇస్తారు, నిండా స్వచ్ఛంగా ఉంటుంది, మధ్యలో గీతేమీ లేదు. కొత్తవాళ్ళు "ఇది బాగుంది" అంటారు. అది మొత్తం నీళ్ళే. గీత కోసం వెతికిన కన్ను రంగు చూడటం మరిచిపోయింది. వర్షంలో బయట నిలబెట్టిన విమానానికి ఇది నిజంగా జరుగుతుంది. అప్పటినుంచి నేను కప్పుని తెల్లటి తలుపుకి ఆనించి రంగు చూసి, వాసన చూసి, ఆ తర్వాతే నమ్ముతాను.

ఎండాకాలం మీటింగ్‌లో లెక్కలు చేయిస్తాం. టెక్సస్‌లో మీరు ఇది తప్పకుండా నేర్చుకోవాలి. మా ఎయిర్‌పోర్ట్ సముద్రమట్టానికి 600 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీల సెల్సియస్ అనుకోండి. ఆగస్టు మధ్యాహ్నం 38 ఉంటుంది. ఎక్కువైన ప్రతి డిగ్రీకి దాదాపు 120 అడుగులు కలుపుకోవాలి. 24 డిగ్రీలకి 2,900 అడుగులు. అంటే విమానానికి సంబంధించినంతవరకు రన్‌వే 3,500 అడుగుల కొండ మీద ఉన్నట్టే. ఇంజన్‌కి గాలి పలచన, రెక్కకీ పలచనే. అదే రన్‌వే, అదే విమానం, జనవరిలో చకచకా లేచింది ఆగస్టులో ఈడ్చుకుంటూ లేస్తుంది. దీనికి బరువు కూడా తోడవుతుంది. మా ఫ్లయింగ్ క్లబ్ సెస్నా 172లో మనుషులు, సామాను, పెట్రోలు కలిపి 870 పౌండ్లు మొయ్యొచ్చు. ట్యాంకులు నిండా నింపితే వాడుకోగలిగిన 53 గ్యాలన్లకి 318 పౌండ్లు పోతాయి. మిగిలేది 552. నాలుగు సీట్లున్నాయి కాబట్టి నలుగురు పెద్దవాళ్ళు ఎక్కొచ్చని అనుకోవడం పొరపాటు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, భార్యని, నిండు ట్యాంకుల్ని ఒకేసారి ఎక్కించలేం. "మీ బరువెంత" అని అత్తగారిని అడగడానికి మొహమాటపడి అంచనా వేసేసినవాళ్ళని చూశాను. అడగాలి. మా క్లబ్‌లో తూకం మిషన్ హ్యాంగర్ తలుపు దగ్గరే ఉంటుంది, అందరం ఎక్కుతాం.

అమ్మానాన్నల మాట వచ్చింది కాబట్టి నా సంగతి చెప్పాలి. లైసెన్స్ వచ్చిన రెండో ఏడు. మా అమ్మానాన్నగారు నరసరావుపేట నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. ఏదో ఒక వారం గాలి, ఇంకో వారం వాన, వాళ్ళని విమానం ఎక్కించడం కుదరనే లేదు. సోమవారం తిరుగు ప్రయాణం, ఆదివారమే మిగిలింది. టెక్సోమా సరస్సు దాకా వెళ్ళి చూపించి వచ్చేద్దామని ప్లాన్. మధ్యాహ్నం తర్వాత మబ్బులు దిగుతాయని ఫోర్‌కాస్ట్. పదింటికి బయల్దేరదాం అనుకున్నది, పెట్టెలు సర్దడంలో పన్నెండున్నర అయింది. మా నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళ కింద నన్ను బేగంపేట ఎయిర్‌పోర్ట్ గోడ పక్కన భుజాల మీద ఎక్కించుకుని విమానాలు చూపించిన మనిషి. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సగం దూరం వెళ్ళేసరికి మబ్బుల అడుగు నేలకి 2,500 అడుగుల ఎత్తుకి దిగింది. ఇంకాసేపటికి 1,800. ముందు మసకగా ఉంది. నేను కూడా కొంచెం కొంచెంగా కిందకి దిగుతూ పది నిమిషాలు ముందుకే పోయాను. సరస్సు ఇంకెంతో దూరం లేదు. చివరికి ఒక టవర్ మీద ఎర్ర లైటు నేననుకున్న దానికన్నా దగ్గరగా కనిపించింది. అప్పుడు వెనక్కి తిప్పాను. దిగేసరికి మబ్బులు 1,300 అడుగుల దగ్గరున్నాయి. మబ్బుకి 500 అడుగులు కిందుండాలన్న రూల్ పాటిస్తే నాకు మిగిలింది నేల నుంచి 800 అడుగులు. ఏమీ కాలేదు. నాన్నగారికి ఏదో జరగబోయిందని కూడా తెలియదు, చాలా సంతోషించారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికి నాకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే మబ్బుల్లో మీటర్లు చూసి ఎగరడానికి అనుమతి, లేదు.

తర్వాతి మీటింగ్‌లో చెప్పాను. చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాక చెప్పాను. ఆ రిటైర్డ్ కెప్టెన్ అంతా విని రెండే ప్రశ్నలు అడిగారు. "మొదటిసారి అనుమానం ఎప్పుడొచ్చింది?" ఇంజన్ స్టార్ట్ చేయకముందే, అన్నాను. "ఆ అనుమానం పైకి ఎవరితో అన్నావు?" ఎవరితోనూ అనలేదు. అంతే, ఆయన ఇంకేమీ అనలేదు. తర్వాత నలుగురు ఒకరి తర్వాత ఒకరు తమ కథలు చెప్పారు. ఒకరిది కూతురి కాలేజీ గ్రాడ్యుయేషన్, ఒకరిది సోమవారం పొద్దున ఆఫీసు మీటింగ్. మబ్బులు వేరు, ఊళ్ళు వేరు, అనుమానం మాత్రం అందరికీ నేల మీద ఉండగానే వచ్చింది. ఆ సాయంత్రం ఒకావిడ నా చేత ఒక కార్డు మీద నా సొంత హద్దులు రాయించారు: మబ్బులు 3,000 అడుగులకన్నా కిందుంటే లేదు, చూపు 6 మైళ్ళకి తగ్గితే లేదు, అడ్డగాలి వేగం 10 నాట్లు దాటితే లేదు, దిగేసరికి ట్యాంకులో గంట పెట్రోలు ఉండాల్సిందే. చట్టం పగటిపూట అరగంట చాలంటుంది, నాకు గంట కావాలి. రేటింగ్ వచ్చాక కొన్ని అంకెలు మారాయి, కార్డు మాత్రం ఇప్పటికీ నా హెడ్‌సెట్ సంచిలోనే ఉంది. ఇంకో అలవాటు కూడా ఆ రోజే వచ్చింది. ఎవరిని ఎక్కించుకోవాలన్నా ముందు రోజు రాత్రే ఫోన్ చేసి, "రేపు ఎగరకపోవచ్చు, అలాగైతే అందరం కలిసి భోజనానికి వెళ్దాం" అని చెప్తాను. అప్పుడు పొద్దున వద్దనడం సులువవుతుంది.

సెమినార్లు పనికొస్తాయా అన్నారు. అన్నీ ఒకలా ఉండవు. స్లైడ్లు చదివి వెళ్ళిపోయేవాళ్ళు కూడా వస్తారు. కానీ అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ సేఫ్టీ టీమ్ వాళ్ళు క్లబ్బులతో కలిసి ఉచితంగా పెట్టేవాటికి పేరు నమోదు చేసుకుని వెళ్ళండి, వింగ్స్ అనే ప్రోగ్రామ్‌లో క్రెడిట్ వస్తుంది. లైసెన్స్ వచ్చాక ప్రతి 24 నెలలకీ ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ చేయాలి, కనీసం గంట పాఠం, గంట ఎగరడం. వింగ్స్‌లో ఒక ఫేజ్ పూర్తి చేస్తే, అంటే మూడు పాఠాలు, మూడు ఫ్లయింగ్ పనులు, అది ఆ రివ్యూకి బదులుగా చెల్లుతుంది. రెండేళ్ళకోసారి పరీక్షలా కాకుండా ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా చేతులు ఆడుతూ ఉంటాయి కాబట్టి నాకు ఈ పద్ధతే ఇష్టం. చాలా చాప్టర్లలో వీఎంసీ క్లబ్ (బయటకి చూసి ఎగిరేవాళ్ళకి), ఐఎంసీ క్లబ్ (మబ్బుల్లో మీటర్లతో ఎగిరేవాళ్ళకి) అని నెలవారీ కూటాలుంటాయి. ఒక నిజమైన సందర్భం చెప్పి, మీరైతే ఏం చేస్తారని అడుగుతారు. సరైన జవాబు ఒకటే ఉండదు, వాదించుకుంటారు. స్టూడెంట్లు కూడా వెళ్ళొచ్చు.

ఇంకొక్కటి అక్కడే తెలుసుకున్నాను, మీకు మొదటి రోజునే తెలియడం మంచిది. నాసా 1976 నుంచి ఒక రిపోర్టింగ్ పద్ధతి నడుపుతోంది, ఏఎస్‌ఆర్‌ఎస్ అంటారు. ఎగిరేటప్పుడు పొరపాటు జరిగితే, ఉదాహరణకి డల్లాస్ క్లాస్ బీ ఎయిర్‌స్పేస్‌లోకి (పెద్ద ఎయిర్‌పోర్ట్ చుట్టూ అనుమతి లేకుండా వెళ్ళకూడని ఆకాశం) తెలియక దూరితే, 10 రోజుల్లోపు మీరే నాసాకి రాసి పంపొచ్చు. వాళ్ళు మీ పేరు తీసేసి అందులోని పాఠాన్ని అందరికీ అందిస్తారు. కావాలని చేసింది కాకపోతే, నేరం గానీ ప్రమాదం గానీ కాకపోతే, ఎఫ్‌ఏఏ తప్పు పట్టినా మామూలుగా శిక్ష వేయదు. ఒక దేశం తన పైలట్లతో "మీ తప్పు చెప్పండి, దానికి మిమ్మల్ని శిక్షించం" అని ఇన్నేళ్ళుగా అంటోంది. చిన్న క్లబ్‌లో శనివారం పొద్దున జరిగేది కూడా ఇదే పని.

మీ ఆవిడ భయం గురించి. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి, "ఏం కాదులే" అనకండి. చిన్న విమానాల్లో ప్రమాదాలు జరుగుతాయి, ఎయిర్‌లైన్స్ అంత భద్రం కావు. ఆమెని కూడా క్లబ్‌కి తీసుకెళ్ళండి. పైలట్ల భార్యలు, భర్తలు ఎలా ఆలోచిస్తారో వాళ్ళనే అడగనివ్వండి. పించ్ హిట్టర్ అని ఏఓపీఏ (విమాన యజమానుల, పైలట్ల సంఘం) వాళ్ళ కోర్సు ఒకటుంది, పక్క సీట్లో కూర్చునేవాళ్ళ కోసమే పెట్టింది. పైలట్‌కి ఒంట్లో బాగోకపోతే విమానాన్ని సమంగా ఎలా ఉంచాలి, రేడియోలో అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5లో సాయం ఎలా అడగాలి, రాడార్‌కి మన విమానాన్ని చూపించే ట్రాన్స్‌పాండర్‌లో ఆపద కోడ్ 7700 ఎలా పెట్టాలి, ఇవన్నీ చెప్తారు. మా ఆవిడ ఆ కోర్సు చేశాక భయం పూర్తిగా పోలేదు, కానీ పైలట్‌ని ప్రశ్నించే ధైర్యం వచ్చింది. మా ఇంట్లో ఒక నియమం ఉంది. విమానంలో ఎవరు "వెనక్కి పోదాం" అన్నా కారణం అడగకుండా తిప్పేస్తాను, కారణం దిగాక మాట్లాడుకుంటాం. ఇప్పటికి రెండుసార్లు ఆ మాట అంది, రెండుసార్లూ తిప్పాను.

పిల్లలున్నారో లేదో రాయలేదు. ఉంటే 8 నుంచి 17 ఏళ్ళ మధ్య పిల్లలకి యంగ్ ఈగిల్స్ అనే ఈఏఏ కార్యక్రమం ఉంది. 1992లో మొదలైంది, ఇప్పటికి 20 లక్షలమందికి పైగా పిల్లల్ని ఉచితంగా ఎగిరించారు. తల్లిదండ్రులు ఫారం మీద సంతకం పెట్టాలి, పైలట్లు సొంత పెట్రోలు ఖర్చుతో వస్తారు. తర్వాత పిల్లలకి ఆన్‌లైన్ గ్రౌండ్ కోర్సు కూడా ఉచితంగా ఇస్తారు. మన తెలుగు పిల్లలు ఈమధ్య చాలామంది వస్తున్నారు. ఆ రోజున పిల్లల పేర్లు రాసుకోవడం, తిరుగుతున్న ప్రొపెల్లర్ దగ్గరికి ఎవరూ రాకుండా తాడు కట్టి కాపలా కాయడం, ఇవి లైసెన్స్ లేని సభ్యులు చేసే పనులు. మీరు వాటితో మొదలుపెట్టండి. ఆ తాడు దగ్గర నాలుగు గంటలు నిలబడితే పది మంది పైలట్లు ప్రయాణికులకి ఎలా చెప్తున్నారో, విమానం చుట్టూ ఎలా తిరిగి చూసుకుంటున్నారో కళ్ళారా చూస్తారు. ఎవరు జాగ్రత్తపరులో, ఎవరితో ఎగరకూడదో కూడా తెలుస్తుంది. క్లబ్‌లో ఉన్నంత మాత్రాన అందరూ మంచి పైలట్లని నేననను. విమానం నిండా తడి మట్టి ఉన్నా పట్టించుకోకుండా ఎక్కేవాళ్ళు, చెక్‌లిస్ట్ తెరవకుండా "నాకు కంఠస్థం" అనేవాళ్ళు మా దగ్గరా ఉన్నారు. వాళ్ళు పిలిస్తే మర్యాదగా వద్దనండి.

ఇక మీ వీసా సంగతి. అమెరికా పౌరులు కానివాళ్ళు, గ్రీన్ కార్డు ఉన్నా సరే, ఎఫ్‌ఏఏ లైసెన్స్‌కి ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఫీజు, వేలిముద్రలు ఉంటాయి. ఈ పద్ధతి నియమాలు 2024లో మారాయి, పాత పోస్టుల్లో రాసింది చూసి వెళ్ళకండి. సరదాగా ఒకసారి ఎగిరి చూసే డిస్కవరీ ఫ్లైట్‌కి గానీ, చాప్టర్‌లో చేరడానికి గానీ, సెమినార్లకి గానీ ఆ అనుమతి అక్కర్లేదు. కాబట్టి దరఖాస్తు పెట్టి ఎదురుచూసే వారాల్లో క్లబ్‌కి వెళ్ళడం మొదలుపెట్టండి. డబ్బు కట్టేముందు థర్డ్ క్లాస్ మెడికల్ (పైలట్లకి చేసే వైద్య పరీక్ష) కూడా చేయించుకోండి. బీపీ, షుగర్, నిద్రకి మందులు ఇలాంటివి ఏవైనా ఉంటే ఫారం నింపకముందే ఏవియేషన్ డాక్టర్‌తో విడిగా మాట్లాడండి. అలాగే సొంతంగా తీసుకున్న లైఫ్ ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితాలు తీసి చదవండి. కొన్నిటిలో సొంతంగా విమానం నడిపేటప్పుడు జరిగినదానికి డబ్బు రాదని ఉంటుంది. ఇది మీ ఆవిడతో కలిసి కూర్చుని చూడాల్సిన కాగితం.

వచ్చే బ్రేక్‌ఫాస్ట్‌కి అరగంట ముందే వెళ్ళండి. కుర్చీలు వేసేవాళ్ళతో కలిసి కుర్చీలు వేయండి. అక్కడ అందరికన్నా పెద్దాయన ఎవరో చూసి, పక్కన కూర్చుని, "మీరు చివరిసారి ఎగరకుండా వెనక్కి వచ్చేసింది ఎప్పుడండీ?" అని అడగండి. కాఫీ చల్లారిపోయేదాకా చెప్తారు.